టీచర్‌కి నయమైన రోజు

మొన్న ఆదివారం మధ్యాహ్నం గుంటూరులో మా ఇంట్లో భోజనాలయ్యాక టీవీలో ఏదో సినిమా పెట్టుకుని కూర్చున్నాం. కథానాయికకి మతి చలించింది. ఎవర్నీ గుర్తుపట్టకుండా ఆసుపత్రి మంచం మీద పడివుంది. కూతురొచ్చి "అమ్మా" అని పిలిచింది. వయొలిన్లు మొదలయ్యాయి. మంచం మీద వేళ్ళు కదిలాయి.

"ఇప్పుడు రెండు చేతుల్తో తల పట్టుకుని నేనెక్కడున్నాను అంటుంది. తర్వాత మంచినీళ్ళడుగుతుంది" అన్నాను.

తల పట్టుకుంది. ఆ మాటే అంది. మంచినీళ్ళే అడిగింది. మా అమ్మాయి పగలబడి నవ్వి, "ఈ సినిమా నువ్వు ముందే చూశావమ్మా" అంది.

చూడలేదు. ఆ మాట కూడా నాది కాదు. చిలకలూరిపేటలో మా పక్కింటి టీచర్‌ది. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆ పూటంతా ఆవిడే కళ్ళముందు తిరిగింది. ఎంత ఆలోచించినా ఆవిడ విషయంలో నాకొకటి తేలలేదు. అసలు ఆవిడకి ఎప్పుడు నయమైంది?

మా వీధి హైవే పక్కన స్పిన్నింగు మిల్లు వెనకాల ఉండేది. పత్తి లారీలు పోయినప్పుడల్లా దూది పింజలు ఎగిరొచ్చి గోడలకీ కరెంటు తీగలకీ అంటుకునేవి. టీచర్ ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. అన్నావదినల దగ్గరే ఉండేది. అన్న మిల్లులో ఫిట్టరు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, మేము గుడికి వెళ్ళేవాళ్ళం. సినిమాకి మాత్రం అందరం కలిసే వెళ్ళేవాళ్ళం.

టీచర్‌కి ఒక జబ్బుండేది. దాని పేరు ఒక్కో డాక్టరు ఒక్కోలా చెప్పేవాడు. వీధిలో మాత్రం దానికి ఒకటే పేరు. కొన్నాళ్ళు నిద్రలేకుండా మాట్లాడేది. కొన్నాళ్ళు నోరే విప్పేది కాదు. మిగతా కాలమంతా, అంటే ఏళ్ళకేళ్ళు, అందరు టీచర్లలాగే స్కూలుకి వెళ్ళొచ్చేది, పేపర్లు దిద్దేది, కూరలో చింతపండు ఎక్కువైందని వదినతో అనేది.

ఆవిడ జడ నాకు బాగా గుర్తు. అంత బిగుతుగా జడ వేసుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. తలంటుకున్న రోజు కూడా తడిజుట్టు అట్లాగే అల్లేసుకునేది. మా అమ్మ చూడలేక, "ఆరనివ్వండి టీచరుగారూ, జలుబు చేస్తుంది" అంటే, "జుట్టు విరబోసుకుని వాకిట్లో నిలబడితే ఈ వీధికి సినిమా గుర్తొస్తుందండీ" అంది. మా అమ్మ లోపలికెళ్ళిపోయింది.

ఇంట్లో ఆవిడ గొంతు కాస్త పెరిగితే చాలు, వదినో అన్నో ఎవరో ఒకరు "మందేసుకున్నావా?" అనేవాళ్ళు. పాలవాడు నీళ్ళు కలిపినా, పక్క క్లాసు వాళ్ళు సుద్దముక్కలు ఎత్తుకుపోయినా ఆవిడ కోప్పడటానికి వీల్లేదు. "నాకు కోపం రావాలన్నా డాక్టరు చీటీ రాయాలే" అని ఒకసారి నాతో అంది. నవ్వుతూనే అంది.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడనుకుంటాను, పేటలో కొత్త సినిమాకి వెళ్ళాం. అందులో హాస్యనటుడు పిచ్చాసుపత్రిలో ఇరుక్కుపోతాడు. ఒకడు తల మీద బకెట్ పెట్టుకుని తిరుగుతుంటాడు, ఒకడు బస్సు నడుపుతున్నట్టు గదంతా పరిగెత్తుతుంటాడు. హాలంతా ఈలలు. నేను భయపడుతూ టీచర్ వైపు చూశాను. ఆవిడప్పటికే గుంటూరు ఆసుపత్రిలో ఒకసారి ఉండి వచ్చింది. నేను చూసేసరికి మా వరసలో అందరికంటే గట్టిగా నవ్వుతోంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఎదురు సీటు పట్టుకుని ఊగిపోతోంది.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "మీకు బాధనిపించలేదా టీచర్?"

"బకెట్ వాడు భలే చేశాడే" అంది. కొంచెం దూరం నడిచాక, "అక్కడ ఎవరూ అట్లా గెంతరు. గెంతే ఓపికెక్కడిది? అందరం పొద్దస్తమానం పడుకునేవాళ్ళం" అంది. ఇంకొంచెం దూరం నడిచాక, "సినిమాల్లో పిచ్చి తగ్గినవాళ్ళు ఒక్కళ్ళన్నా లావెక్కారా చూడు. మందులకి నేనిట్లా అయ్యాను. చేతులు వణకవు వాళ్ళకి. నోరెండిపోదు" అంటూ సంచిలోంచి సీసా తీసి మంచినీళ్ళు తాగింది.

అంత తెలిసిన మనిషికి ఎలాంటి సినిమాలు ఇష్టమో తెలుసా? ఒక్క పాటతోనో ఒక్క దెబ్బతోనో మతి తిరిగొచ్చే సినిమాలు. టీవీలో ఎప్పుడొచ్చినా పేపర్లు దిద్దడం ఆపి కూర్చునేది. తల పట్టుకోవడం, నేనెక్కడున్నాను అనడం, మంచినీళ్ళు అన్నీ ముందే చెప్పేది. చెప్పి మరీ ఏడ్చేది. "అంతా అబద్ధమని మీరే అంటారు కదా, మరెందుకు చూస్తారు?" అంటే, "ఆ పిల్ల కళ్ళు తెరుస్తుంది చూడు, అప్పుడు నాకు హాయిగా ఉంటుందే" అనేది. ఈ మనిషిని ఎలా అర్థం చేసుకోవాలో నాకు అప్పుడూ తెలియలేదు.

నేను ఇంటర్‌లోకి వచ్చిన ఏడు ఆవిడకి మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఈసారి మౌనం. పెరటి వసారాలో కుర్చీ వేసుకుని గోడవంక చూస్తూ కూర్చునేది. అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. నెలలు గడిచాయి. మందులు మారుస్తున్నారు. డాక్టరు ఓపిక పట్టమన్నాడు.

బాబాయికి చెల్లెలంటే ప్రాణం. ఆవిణ్ణి స్కూటరెక్కించుకుని నెల నెలా గుంటూరు తీసుకెళ్ళేది ఆయనే. కొన్ని రోజులు ఆవిడకి అన్నం కలిపి పెట్టింది కూడా ఆయనే. ఓపిక పట్టమంటే మాత్రం ఆయనకి కాలు నిలవలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు టీచర్ ఏదో ట్రెయినింగ్ కోసం వేరే ఊళ్ళో ఉంది. వచ్చేసరికి భూస్థాపన అయిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు. జబ్బు మొదటిసారి వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి కారణం అదేనని ఆయన తేల్చుకున్నాడు. అంత సూటిగా చెప్పలేమని డాక్టరు అంటే ఆయనకి నచ్చలేదు. మా నాన్నతో అరుగు మీద కూర్చుని వాదించాడు.

"కారణం లేకుండా రోగమేంటండీ? ఎంత చెత్త సినిమాలో అయినా ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది కదా. దాన్ని పట్టుకుంటే మనిషి బయటికొస్తుంది. ఏదో ఒక షాక్ తగలాలి అంతే."

క్రిస్మస్ ముందు ఆయన చీరాల నుంచి వాళ్ళ పిన్నిని పిలిపించాడు. అచ్చం వాళ్ళమ్మ పోలికే. పెట్టెలోంచి వాళ్ళమ్మ నీలం జరీ అంచు చీర తీసి కట్టించారు. వాళ్ళమ్మ కళ్ళజోడు పెట్టారు. తల్లి పాడే కీర్తన ఒకటుంటే దాన్ని పిన్ని చేత రెండు రోజులు పాడించి సరిచేశాడు బాబాయ్. మా అమ్మకి ఇదంతా ఇష్టంలేదు. "డాక్టర్ని అడిగారా?" అంది. "బాగైతే డాక్టరే వచ్చి అడుగుతాడమ్మా, ఎట్లా చేశావని" అన్నాడాయన.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ మమ్మల్ని రమ్మన్నారు. పిండి వంటలకి సాయమొచ్చినట్టు నేనూ అమ్మా వసారాలో ఒక పక్కన కూర్చున్నాం. టీచర్ కుర్చీలో ఉంది. బాబాయి లైటు తీసేశాడు. వంటింట్లోంచి కీర్తన మొదలైంది. అప్పుడు లైటు వేశాడు. గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది.

"అన్నం తిన్నావా అమ్మడూ?" అంది. వాళ్ళమ్మ అట్లాగే అడిగేదట.

టీచర్ తలెత్తింది. చాలాసేపు చూసింది. టీచర్ మెల్లగా రెండు చేతులూ పైకెత్తి తల పట్టుకుంది. కళ్ళు మూసింది. తెరిచింది. చుట్టూ చూసింది.

"నేనెక్కడున్నాను?" అంది.

ఆవిడ పుట్టి పెరిగిన ఇల్లది. కానీ ఆ సంగతి ఎవరికి పట్టింది? బాబాయి బావురుమన్నాడు. వదిన మోకాళ్ళ మీద పడి ప్రార్థన మొదలుపెట్టింది. పిన్ని తన వేషం మరిచిపోయి, "పలికిందిరా, పలికింది" అని అరిచింది.

"మంచినీళ్ళు" అంది టీచర్.

అమ్మ పరిగెత్తి గ్లాసు తెచ్చింది. ఆవిడ తాగుతూ గ్లాసు అంచు మీదుగా నావైపు చూసింది. కన్ను కొట్టింది. కొట్టిందనే అనుకున్నాను. లైటు వెలుగు సూటిగా మొహాన పడింది కాబట్టి రెప్ప వేసిందేమో కూడా. ఇన్నేళ్ళలో ఆ ఒక్క రెప్పపాటుని ఎన్ని రకాలుగా గుర్తుచేసుకున్నానో. గుర్తుచేసుకున్నకొద్దీ అలుక్కుపోతోంది.

ఆ క్రిస్మస్‌కి వీధంతా కేకులు పంచారు. టీచర్ తెల్లచీర కట్టుకుని చర్చికెళ్ళింది. పాస్టరుగారు ఆవిణ్ణి ముందు నిలబెట్టి అందరికీ చూపించారు. నవ్వింది, మాట్లాడింది, మా ఇంటికొచ్చి మా అమ్మ చేసిన పులిహోర మెచ్చుకుంది. ఇక మందులెందుకన్నాడు బాబాయి. బాగైన మనిషి మందు మింగితే లేని జబ్బు వస్తుందని ఎవరో చెప్పారట. మాత్రలన్నీ ఆపేశాడు. ఆవిడ కాదనలేదు.

సంక్రాంతి దాటాక మాటలు ఎక్కువయ్యాయి. నిద్ర తగ్గింది. మిరపకాయల కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక పొద్దున లేచి చూస్తే ఇంట్లో లేదు. బాబాయి, మా నాన్న చెరో బండి మీద వెతకడానికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం ఊరి బయట ఒక మిరప కల్లంలో కనిపించింది. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య కూర్చుని, చెప్పుల్లేని కాళ్ళతో, తాలుకాయలు ఏరుతోందట. చేతులు మండి వాచిపోయాయి. ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళే నీడకి లాక్కొచ్చి మజ్జిగ పట్టారు. "మా అమ్మ పంపింది, సాయంత్రానికల్లా అయిపోవాలంది" అని చెబుతోందట వాళ్ళకి.

చెల్లెల్ని ఆ స్థితిలో చూసి బాబాయి ఆ మిరపకాయల మీదే కూలబడ్డాడని మా నాన్న చెప్పాడు. తర్వాత గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు కేకలేశాడు.

"మందులెవరు ఆపమన్నారు?"

"బాగైపోయింది కదండీ."

"బాగైందని ఎవరు చెప్పారు?"

బాబాయి మా నాన్న మొహం చూశాడట. నాన్న నేల చూశాడట.

ఆ తర్వాత ఆవిడకి నయమైంది. ఎలా అంటే చెప్పలేను. ఒక నాటకం లేదు, కీర్తన లేదు. ఆసుపత్రి నుంచి వచ్చి పడుకుంది. కొన్నాళ్ళకి లేచి కూర్చుంది. కొన్నాళ్ళకి వాకిలి ఊడ్చింది. వదినతో కలిసి బియ్యంలో రాళ్ళేరింది. మధ్యలో రెండు మూడుసార్లు మళ్ళీ మంచమెక్కింది. జూన్‌లో బడులు తెరిచినప్పుడు వెళ్ళలేదు. దసరా సెలవులయ్యాక వెళ్ళింది. మొదటి వారం స్టాఫ్‌రూమ్‌లోనే కూర్చుందని మా చెల్లెలు చెప్పింది. అది అప్పుడు అదే బళ్ళో చదివేది. తర్వాతెప్పుడో క్లాసుకెళ్ళి నదుల పేర్లు చెప్పిందట.

"మీకు నయమైందని ఎప్పుడు తెలిసింది టీచర్?" అని ఒకసారి అడిగాను.

ఆలోచించింది. "కూరలో ఉప్పు తక్కువైందని మా వదినతో పోట్లాడాను ఒకరోజు. అంతకుముందు ఉప్పుందో లేదో తెలిసేది కాదు. ఆ రోజనుకుంటా" అంది. మళ్ళీ తనే, "కాదులే, ఆ తర్వాత కూడా ఏడ్చిన రోజులున్నాయి" అంది.

నాకు గుంటూరులో ఉద్యోగమొచ్చి పెళ్ళయ్యాక కూడా రాకపోకలు సాగాయి. ఆసుపత్రికి వచ్చిన రోజు మా ఇంటికొచ్చేది. అలా వచ్చినప్పుడు ఒకసారి, మానసిక రోగం మీద గొప్ప సినిమా వచ్చిందని అందరూ అంటుంటే, ఈవిడకి చూపించాల్సిందేనని తీసుకెళ్ళాను. ఏసీ చల్లదనానికి, మాత్రల మత్తుకి అరగంటలో నిద్రపోయింది. పేర్లు పడుతుంటే లేచింది.

"బాగయ్యిందా ఆ అమ్మాయికి?"

"లేదు టీచర్. చచ్చిపోయింది."

"అదేంటే!" అంది. నిజంగానే కోపమొచ్చింది. మెట్లు దిగుతూ, ఆటోలో కూర్చుంటూ అదే గొడవ. "ఆ సినిమాల్లో ఒక్క పాటకి బాగైపోతారు. ఈ గొప్ప సినిమాల్లో చంపేస్తారు. మాత్ర వేసుకుని బడికెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చేదాన్ని ఎవరూ తియ్యరా?"

"తీస్తే ఎవరు చూస్తారు టీచర్?"

"నేనూ చూడన్లే" అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ, ఎప్పటినుంచో లోపల దాచుకున్న ప్రశ్న అడిగేశాను. ఆ క్రిస్మస్ ముందు రోజు సంగతి. టీచర్ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని నవ్వింది.

"అన్నయ్య పాపం ఎంత కష్టపడి సెట్టింగ్ వేశాడే! పిన్ని కొంగు సర్దుకోవడం చూస్తేనే తెలిసింది. ఏదో ఒకటి చెయ్యకపోతే బాగుండదనిపించింది. అప్పటికి నోరు విప్పి ఎన్నాళ్ళైందో. ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆ ఒక్క డైలాగే నోటికొచ్చింది."

నటించిందన్నమాట. నాకు ఆశ్చర్యమేసింది, తర్వాత భయమేసింది. నటించినదానికి మందులు ఆపేశారు, ఆ కల్లం దాకా నడిచింది. అయినా అన్న కోసమే చేసింది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

కరోనా పోయాక పేట వెళ్ళినప్పుడు మళ్ళీ ఆ మాటొచ్చింది. ఈసారి ఆవిడే ఎత్తింది. అప్పటికి రిటైరైంది. మంచం మీద కూర్చుని అరికాళ్ళకి నూనె రాసుకుంటోంది.

"నిజంగా అమ్మే వచ్చిందనుకున్నానే ఆ రోజు. చీర కలరా ఉండల వాసన కొట్టింది. అమ్మ పోయిందనీ తెలుసు, ఎదురుగా ఉన్నది అమ్మేననీ తెలుసు. రెండూ ఒక్కసారే తెలిశాయి. ఎక్కడున్నానో నాకు నిజంగానే అర్థంకాలేదు. అందుకే అడిగాను."

"అదేంటి టీచర్? నటించానని మీరే చెప్పారు కదా నాకు!"

"అట్లా అన్నానా?" అంది. నవ్వింది. అంతకుముందు నవ్విన నవ్వే. "అనుంటాలే" అంది.

గుండెపోటుతో పోయింది ఆవిడ. జబ్బుతో కాకుండా గుండెతో పోవడం వీధిలో చాలామందికి వింతగా తోచింది. పోయినవాళ్ళ కోసం జరిపే ఆదరణ కూడిక రోజు నేను వెళ్ళాను. ఫలానా క్రిస్మస్‌కి దేవుడు ఈమెను స్వస్థపరిచాడని కొత్త పాస్టరుగారు చెప్పారు. ఆయన అప్పుడు లేడు, ఎవరో చెప్పి ఉంటారు. ఆవిడతో పనిచేసిన హెడ్‌మిస్ట్రెస్, "ఆమెకసలు ఏ జబ్బూ లేదు, అదంతా పుకారు" అంది. ప్రేమతోనే అంది. వెనకవరసలో ఇద్దరు ముసలమ్మలు, "ఎప్పుడూ పూర్తిగా తగ్గలేదంట" అనుకుంటున్నారు. అందరూ చెప్పింది ఆవిడ గురించే. ఏదీ అబద్ధమని నేను లేచి చెప్పలేను.

భోజనాలప్పుడు బాబాయి నన్ను పక్కకి పిలిచాడు. బాగా ముసలివాడయ్యాడు. షామియానా బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు.

"ఒకటడుగుతానమ్మాయ్. అది నీతో అన్నీ చెప్పేది. పిన్నికి అమ్మ చీర కట్టించిన రోజు, అది అమ్మేననుకుందా? లేకపోతే నా మొహం చూసి అట్లా చేసిందా?"

అమ్మేననుకుందంటే, జబ్బుగా ఉన్న మనిషిని తను మోసం చేసినట్టు. నటించిందంటే, తన ముచ్చట తీర్చడానికి ఆవిడ ఆ కల్లం దాకా వెళ్ళినట్టు. ఏది చెబితే ఆయనకి ఊరటో తెలియలేదు. అబద్ధం చెబుదామన్నా, ఏది అబద్ధమో నాకు తెలిస్తే కదా.

"రెండు రకాలుగా చెప్పింది బాబాయ్" అన్నాను. రెండూ చెప్పాను.

ఆయన జాగ్రత్తగా విన్నాడు. "ఏది చెప్పినప్పుడు నవ్వింది?" అన్నాడు.

"రెండిటికీ నవ్వింది."

తల ఊపాడు. లోపల కూర వడ్డించేవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"మందులు ఆపింది నేనే కదమ్మా. అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. నన్ను ఒక్క మాట అన్లేదు" అన్నాడు. "అనాల్సింది."